కుక్కపిల్లకి గురువు

టెక్సాస్ వచ్చాక మావారికి స్నేహితులతో కౌజు పిట్టల వేట అలవాటైంది. నాకిష్టం లేదు, అది వేరే సంగతి. ఈమధ్య తండ్రీకొడుకులు కలిసి పాయింటర్ జాతి కుక్కపిల్లని తెద్దామన్నారు. పొదలో పిట్ట ఉంటే కదలకుండా నిలబడి చూపిస్తుందట. తిండి పెట్టేది నేనేగా, నేనూ బయల్దేరాను.

మొదటి బ్రీడర్ ఫోటోలు చూపించి అడ్వాన్స్ అడిగాడు. తల్లికుక్కని చూపించమంటే ఏదో సాకు చెప్పాడు. రెండో ఆవిడ తిరిగి మమ్మల్నే ప్రశ్నలడిగింది. పగలు ఇంట్లో ఎవరుంటారు, రోజూ పరిగెత్తించే తీరిక ఉందా అని. అచ్చం ఆడపిల్లనిచ్చేవాళ్లలా! తల్లిని చూపించి, తల్లీతండ్రీ రెండింటి తుంటి ఎక్స్‌రే కాగితాలు చేతిలో పెట్టింది. ఎనిమిది వారాలు నిండాకే ఇస్తానంది.

ఇక ట్రైనర్. ఒకాయన దగ్గర కుక్కలు చెప్పినట్టు వింటున్నాయి. కానీ ఆయన చెయ్యెత్తితే చాలు, తోక కాళ్ల మధ్య దాచుకుంటున్నాయి. ఇంకొకాయన, "ముందు పిట్టంటే సరదా పుట్టాలమ్మా. ఆ ధ్యాసలో ఉన్నప్పుడు తుపాకీ చప్పుడు దూరంనుంచి వినిపించి, మెల్లగా దగ్గరికి తేవాలి. ఒకసారి బెదిరితే ఆ భయం పోగొట్టడం చాలా కష్టం" అన్నాడు.

నాకు మావాడి రెండో తరగతి గుర్తొచ్చింది. ఎక్కం తప్పితే మొట్టికాయ వేసేదాన్ని. పదిహేనేళ్లొచ్చినా లెక్కలంటే వాడికి చెమటలే.

రెండో ఆయన్నే ఖాయం చేశాం. తిరిగొస్తుంటే కార్లో వాడన్నాడు, "అమ్మా, దీన్ని మాత్రం కొట్టకేం."

నవ్వుతూనే అన్నాడు. నాకే నవ్వు రాలేదు.