పన్నెండు దాటాక నెట్

రోజుకు ఒకటిన్నర జీబీ నెట్ వచ్చే ఇంట్లో కంప్యూటర్ గేములు ఆడే కుర్రాడు ఒకడున్నాడంటే, ఆ ఇంట్లో అర్ధరాత్రి పన్నెండుకు ముహూర్తం విలువ వస్తుంది. వాడగా మిగిలిన నెట్ పన్నెండు దాటితే మురిగిపోతుంది. ఆ వెంటనే కొత్త రోజు కోటా వచ్చి పడుతుంది. అందుకని తెలివైనవాడు పదకొండుంబావుకు వాళ్ళమ్మ ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి డౌన్‌లోడ్ మొదలెడతాడు. ఇవాళ మిగిలింది ఊడ్చేసి, అదే ఊపులో రేపటిదీ లాగేస్తాడు. తెల్లారాక ఆవిడ ఫోన్ తీసి, "పెద్దమ్మ పంపిన ఫొటో ఇంకా తిరుగుతూనే ఉందేంట్రా?" అంటుంది. "సిగ్నల్ లేదేమోనమ్మా" అంటాడు వాడు దుప్పట్లోంచి.

మా అక్క కొడుకు సంగతే చెబుతున్నాను. ఇంజినీరింగు చదువుతున్నాడు. కోనసీమలో కాలువ చివరి ఊరు వాళ్ళది. శివారు రైతు వంతు నీళ్ళ కోసం రాత్రిపూట గట్టు మీద కూర్చున్నట్టు, సెలవులకి ఇంటికొస్తే వీడు ఫోన్ పక్కన కూర్చుంటాడు.

లెక్కలన్నీ వాడికి నోటికొచ్చు. జీటీఏ ఫైవ్ అనే ఆట 2015లో కంప్యూటర్లకు వచ్చినప్పుడే డిస్కులో 65 జీబీ చోటడిగింది. పెట్టెలో కొన్నవాళ్ళకి ఏడు డీవీడీలు వచ్చాయి. ఇరవై ఎనిమిది రోజుల రీచార్జి అంటే, రోజుకు ఒకటిన్నర చొప్పున మొత్తం 42 జీబీ. ఇంటిల్లిపాదీ నెలరోజులు ఒక్క వీడియో కూడా చూడకుండా ఉపవాసమున్నా ఒక్క రీచార్జితో ఆ ఆట ఇంటికి రాదన్నమాట. కోటా అయిపోతే నెట్ ఆగదు కదా అంటారు. నిజమే, ఆగదు. వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అంటే సెకనుకు ఎనిమిది కిలోబైట్లు. ఆ లెక్కన ఒక్క జీబీ రావాలంటే ముప్పై నాలుగు గంటల పైమాటే. అంతకంటే ఆగిపోవడమే మర్యాదగా ఉంటుంది.

మా కాలంలో ఈ బాధ లేదు, ఎందుకంటే నెట్టే లేదు. ఆట బస్సులో వచ్చేది. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో కోఠీకో వెళ్ళినవాడు తెచ్చేవాడు. జీటీఏ వైస్ సిటీ ఆట అంటే రెండు సీడీలు, అంతే. అప్‌డేట్ అనే మాటే వినలేదు. ఆటలో తప్పులుంటే ఆ తప్పులతోనే ఆడి, వాటిని కూడా ఇష్టపడ్డాం. తర్వాత బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. కొన్ని ప్లాన్లలో రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత వాడినా లెక్కలోకి వచ్చేది కాదు. ఆ రోజుల్లో తెల్లవారుజామున రెండింటికి అలారం పెట్టుకుని లేచిన పిల్లలందరూ ఎంసెట్‌కి చదివినవాళ్ళు కాదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి జీబీ ధరను వందల రూపాయల్లోంచి పదుల్లోకి దించాక ఆ అలారాలు పోయాయి. కానీ నెట్ చవకయ్యే కొద్దీ ఆటలు బలిశాయి. 2019లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ డిస్కులో 175 జీబీ చోటు ఉంచుకోమంది. ఆపైన ఒక్కో అప్‌డేటే ఇరవై, ముప్పై జీబీలు.

అసలు శత్రువు ఆట కాదు, అప్‌డేట్. ఆట మనం అడిగితే వస్తుంది. ఇది అడక్కుండా వస్తుంది. హాట్‌స్పాట్‌ని ల్యాప్‌టాప్ మామూలు వైఫై అనుకుంటుంది. పెద్దింటి నెట్ దొరికిందనుకుని విండోస్ తన సామాను తాను దించుకోవడం మొదలెడుతుంది. సెట్టింగ్స్‌లో 'మీటర్డ్ కనెక్షన్' అని ఒక మీట ఉంటుంది, ముందు అది నొక్కాలి. ఆటలు అమ్మే స్టీమ్‌లో ఆట తెరిచినప్పుడే అప్‌డేట్ చేయమని చెప్పాలి, ఫలానా వేళల్లోనే దించమని కట్టడి పెట్టాలి. ఒక్కడే ఆడుకునే ఆటైతే ఆఫ్‌లైన్ మోడ్‌లోకి పోయి కొత్త అప్‌డేట్ కంటపడకుండా దాక్కోవచ్చు.

నాలుగు చిన్న తప్పులు దిద్దడానికి నాలుగు జీబీలెందుకు? ఆటలోని బొమ్మలు, శబ్దాలు, మ్యాపులు విడివిడిగా ఉండవు, పెద్ద పెద్ద ఫైళ్ళలో మూటగట్టి ఉంటాయి. స్టీమ్ ఆ ఫైళ్ళను సుమారు ఒక్కో ఎంబీ ముక్కలుగా కోసి, మారిన ముక్కల్ని మాత్రమే పంపుతుంది. అయితే ఆట చేసినవాళ్ళు మూటను మళ్ళీ మొదట్నుంచీ సర్ది కట్టారనుకోండి, లోపల మారింది గోరంతే అయినా ముక్కలన్నీ మారినట్టే. సర్దడంలో ఎవరో చూపిన బద్ధకానికి ఇక్కడ మా అక్క ఫోన్లో మూడు రోజుల కోటా హారతి.

ఆటలకు ఈ బరువు తప్పనిసరి అని నేను చాలాకాలం నమ్మాను. హెల్‌డైవర్స్ 2 అనే ఆట ఆ నమ్మకం పోగొట్టింది. పాత హార్డ్‌డిస్కులున్న వాళ్ళకి ఆట త్వరగా తెరుచుకోవాలని అదే డేటాను డిస్కులో పలుచోట్ల నకళ్ళు పెట్టి ఉంచారు. 2025 చివర్లో ఆ నకళ్ళు తీసేస్తే డిస్కులో 154 జీబీ ఆక్రమించిన ఆట 23 జీబీకి దిగింది. పాత డిస్కుల మీద కూడా తేడా కొన్ని సెకన్లే అని చేసినవాళ్ళే చెప్పారు. కొలిచి చూడటానికి ఇన్నాళ్ళు పట్టిందంటే, కొలవాల్సిన అవసరం వాళ్ళకి రాలేదనే అర్థం. దొంగ కాపీలకు మన దగ్గర గిరాకీ ఉండటానికి డబ్బొక్కటే కారణం కాదంటాను నేను. ఆ దొంగలు ఆటను పిండి, ఎండబెట్టి, సగం సైజుకి తెచ్చి ఇస్తారు. దొంగతనం దొంగతనమే, కానీ కొలతలు వాళ్ళకి తెలుసు.

మావాడు ఆ దారి తొక్కడు. వాడి దారి అమలాపురం బస్సు. హైదరాబాద్‌లో ఫైబర్ నెట్ ఉన్న స్నేహితుడి గదికెళ్ళి, అతని కంప్యూటర్లోని ఆట ఫోల్డర్‌ను హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకుని వస్తాడు. ఇంటికొచ్చి ఆ ఫోల్డర్‌ను స్టీమ్‌లో దాని చోట పెట్టి ఇన్‌స్టాల్ నొక్కితే, స్టీమ్ ఉన్నవి సరిచూసుకుని తక్కువైనవి మాత్రం దించుకుంటుంది. 65 జీబీ సరుకు పది గంటల ప్రయాణంలో చేరిందంటే సెకనుకు 14 మెగాబిట్ల వేగం. పైగా పన్నెండు దాటినా బస్సు వేగం 64కి పడిపోదు.

ఈమధ్య వాడు ఆట బాగుందా అని ముందు చూడటం మానేశాడు. తిన్నగా స్టీమ్‌లో దాని పేజీ కిందికెళ్ళి ఎంత చోటు కావాలో చదువుతాడు. అలా దొరికిందే స్టార్‌డ్యూ వ్యాలీ: వ్యవసాయం ఆట, ఎరిక్ బరోన్ అనే ఒక్కడే బొమ్మలు, పాటలు, ప్రోగ్రాము అన్నీ చేసి 2016లో వదిలాడు. అడిగేది 500 ఎంబీ. ఆ పేజీల్లో డిస్కులో పట్టే చోటు రాస్తారు గానీ, అప్‌డేట్ల పేరుతో ఏడాదికి ఎంత నెట్ తాగుతుందో ఏ ఆటకీ రాయరు. ఇది రాయకుండా అమ్మడం అన్యాయమని నేనంటే వాడు నవ్వుతాడు.

పుట్టినరోజుకి ఏ ఆట కొనిపెట్టనురా అని అడిగాను.

"ఆట వద్దు మావయ్యా, డేటా ప్యాక్ వేయించు. ఉన్నవాటికే అప్‌డేట్లు బాకీ" అన్నాడు.