డాక్టరు చూడని మంచిరోజు

మా అక్క కూతురు గుంటూరు మెడికల్ కాలేజీలో ఎం.బి.బి.ఎస్. చదివి, హౌస్‌సర్జన్‌గా చేస్తోంది. మొన్న సెలవుకి మా రామాపురం వచ్చి "పిన్నీ, ఈమధ్యే సైకియాట్రీ డ్యూటీ చేసొచ్చాను" అంది. "పిచ్చోళ్ల వార్డులోనా!" అని మా అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. "అలా అనకండి మామ్మగారూ, అవీ జబ్బులే" అంది పిల్ల.

మొదటిరోజు తనకీ భయమేసిందట. మిగతా వార్డుల్లో రక్తం తీస్తారు, ఎక్స్‌రేలు చూస్తారు. ఇక్కడ చేతికన్నా చెవికే పనెక్కువ. నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నాయా అని నెమ్మదిగా అడగాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా అడగాలట! "లేని ఆలోచన పుట్టించినట్టు కాదూ?" అన్నాను. "కాదు పిన్నీ, అడిగేవాళ్లుంటే బరువు దిగుతుంది" అంది.

సినిమాల్లో చూపించే కరెంటు షాకు సంగతీ అడిగాం. 2017 నాటి చట్టం ప్రకారం మత్తు ఇవ్వకుండా ఆ చికిత్స చెయ్యకూడదట. గొలుసులతో కట్టెయ్యడం కూడా నిషేధమే.

ఒక బాలింత మాత్రం దాని మనసులో ఉండిపోయింది. బిడ్డ పుట్టి నెల దాటినా ఏడుపు ఆగదు, బిడ్డని ఎత్తుకోదు. గాలి సోకిందని తాయెత్తులు కట్టించి, ఆఖరికి ఆసుపత్రికి తెచ్చారు. కాన్పయిన కొత్తల్లో దిగులు చాలామందికి వచ్చి, రెండు వారాల్లోపే పోతుంది. అంతకు మించితే డాక్టరుకి చూపించాలి. బాలింతకి లేనివి కనిపిస్తున్నా, తననో బిడ్డనో ఏమైనా చేసుకుంటుందన్న భయమున్నా ఆ పూటే తీసుకెళ్లాలి.

ఈ దిగులు మందులు గుణం చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. హౌస్‌సర్జన్లకి అక్కడ డ్యూటీ రెండు వారాలే! "ఆమె బిడ్డని ఎత్తుకోవడం చూడకుండానే వచ్చేశాను పిన్నీ" అంటూ కళ్లు తుడుచుకుంది.

డాక్టరు చూడని ఆ మంచిరోజు ఇంట్లోవాళ్ల కళ్లముందే వస్తుంది. అందాకా వేళకి మాత్ర ఇవ్వడం, బిడ్డని మనం చూసుకుని తల్లిని కాసేపు నిద్రపోనివ్వడం, నాలుగోరోజునే గుణం లేదని మందు మానకుండా చూడటం, తగ్గాక కూడా డాక్టరు చెప్పేదాకా ఆపకపోవడం మన పనే కదా. జ్వరమొస్తే బాపట్ల పరుగెడతాం, మనసుకి జబ్బు చేస్తే తలుపులేసుకుంటే ఎలా?

2022లో టెలీమానస్ అని పెట్టారు. 14416కి ఫోన్ చేస్తే రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. వంటింట్లో గ్యాసు నంబరు పక్కన రాసుకున్నాను. మీరూ రాసుకోండి.