రాజు బల్ల దగ్గర చోటు



మన సంఘంలో ఒక తల్లి ప్రతి రాత్రి చేసే ప్రార్థన ఒకటుంది. ఆమెను అడిగే ఇక్కడ రాస్తున్నాను, పేరు మాత్రం అడగకండి. "ప్రభువా, నాకంటే ఒక్క రోజు ముందు వీన్ని తీసుకో." కొడుక్కి పద్నాలుగేళ్ళు. మాటలు రాలేదు. స్నానం, అన్నం, బట్టలు అన్నీ ఆమే చూడాలి. "ఇట్ల ప్రార్థన చేస్తే పాపమా అయ్యగారూ?" అని అడిగింది. కాదమ్మా అన్నాను. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని తన ప్రాణం తీసుకోమని అడిగినప్పుడు దేవుడు ఆయనను గద్దించలేదు. దూత చేత రొట్టె, నీళ్ళు పంపించాడు, పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి తినమన్నాడు. అలసిపోయినవాళ్ళకు ముందు కావలసింది ప్రసంగం కాదని దేవునికి తెలుసు.

ఆ ప్రార్థన వెనక ఉన్నది ఒకే ప్రశ్న. "నేను పోయినంక వీన్ని ఎవరు చూస్తరు?"

మనవాళ్ళు ఆమెను అడిగేవి మాత్రం వేరే ప్రశ్నలు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయటికి వచ్చావా అని వాడకట్టులో అడుగుతారు. ఏ పాపం వల్ల ఇలా అయిందోనని విశ్వాసులే గుసగుసలాడతారు. ఒక స్వస్థత కూటంలోనైతే, నీకు విశ్వాసం చాలలేదమ్మా అని మైకులోనే చెప్పారట. యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు అడిగిన ప్రశ్న కూడా ఇదే. ప్రభువు దాన్ని అక్కడే కొట్టేశాడు. నేను స్వస్థతను నమ్ముతాను, ఆ బాబు తల మీద చేతులుంచి ఇప్పటికీ ప్రార్థన చేస్తాను. కానీ బాగుపడిన బిడ్డకే సంఘంలో చోటు అన్నట్టు మాట్లాడితే అది సువార్త కాదు.

విశ్వాసం చాలలేదన్న ఆ తల్లి ఏం చేసిందో వినండి. బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో 1984లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ ఉంది. పాతవాళ్ళు ఎన్‌ఐఎంహెచ్ అంటారు, ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ. మేడ్చల్ వాళ్ళకు ఒకే రోడ్డు, కొంపల్లి, సుచిత్ర దాటితే బోయినపల్లి. శామీర్‌పేట వైపు వాళ్ళు అల్వాల్ మీదుగా వెళ్ళి బస్సు మారాలి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు టికెట్టు ఖర్చు తప్పింది గానీ, అరుస్తున్న పిల్లవాణ్ణి పట్టుకుని రద్దీ బస్సులో నిలబడితే చుట్టూ చూసే చూపులు తప్పలేదు. అలా తిరిగి తిరిగి, చెంచా పట్టుకోవడం నేర్పింది. రెండేళ్ళు పట్టింది. ఆదివారం సాక్ష్యాల్లో ఇది ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "ఇది కూడ సాక్ష్యమేనా?" అంది.

రెండవ సమూయేలు 9వ అధ్యాయం ఈ వారం ఇంట్లో చదవండి. మెఫీబోషెతు ఐదేళ్ళప్పుడు దాది చేతుల్లోంచి పడి కుంటివాడయ్యాడు. ఆమె వాణ్ణి కాపాడాలనే పరుగెత్తింది. (తమ్మును తాము నిందించుకునే తల్లులు ఆ దాదిని గుర్తుంచుకోవాలి.) దావీదు అతణ్ణి లోదెబారు నుంచి పిలిపించి తన బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ అధ్యాయం ముగిసేసరికి కూడా అతని రెండు కాళ్ళూ కుంటివే. కాళ్ళు బాగుపడలేదు, బల్ల దగ్గర చోటు మాత్రం ఖాయమైంది. మనం ఎప్పుడూ ఇక్కడితో ప్రసంగం ఆపేస్తాం. 10వ వచనం కూడా చూడండి. అతని పొలం దున్నడానికి సీబాను, అతని పదిహేనుమంది కొడుకులను, ఇరవైమంది దాసులను పెట్టాడు. లెక్కేస్తే ముప్పై ఆరుగురు! మనం ఒక తల్లికి ఒక్క మనిషిని కూడా ఇవ్వలేదు.

అదే సీబా తర్వాత 16వ అధ్యాయంలో ఏం చేశాడో కూడా చదవండి. ఆస్తికి ఆశపడి యజమాని మీద చాడీ చెప్పాడు. బంధువులు చూసుకుంటారులే అని ఊరుకోకూడదనేది అందుకే. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి సంరక్షకుణ్ణి నియమించేది కలెక్టరు ఉండే స్థానిక కమిటీ. ఆ సంరక్షకుడు ఆరు నెలల్లో ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చెప్పాలి. మన కలెక్టరేట్ అంతాయిపల్లిలోనే ఉంది, దూరం కూడా కాదు. అదే ట్రస్టు వారి నిరామయ పథకంలో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. ఆ కాగితాల పని తెలిసిన యౌవనస్థులు మన సంఘంలో ఉన్నారు.

ఇక ప్రభువు బల్ల సంగతి. బాబు అరుస్తాడని ఆ తల్లి గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చుంటుంది, రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే వేళకు వాణ్ణి తీసుకుని బయట వేపచెట్టు కిందికి వెళ్ళిపోతుంది. వచ్చే నెల మొదటి ఆదివారం ఆమె ముందు చాప మీద కూర్చోవాలి. వాడు అరిస్తే అరవనివ్వండి, వెనక్కి తిరిగి చూడకండి. వాడి పక్కన కూర్చోవడానికి నెలకొకరు కావాలి. వాడికి గాజుల చప్పుడంటే ఇష్టం, గట్టిగా పట్టుకుంటే భయపడతాడు. పేర్లు అమ్మగారి దగ్గర స్త్రీల కూడిక నోటుబుక్కులో రాయించండి. మగవాళ్ళు కూడా.