నైట్ షిఫ్ట్‌లో నేర్చుకున్న ఇంగ్లిష్



గత పేరెంట్స్ మీటింగ్‌లో మీలో ముగ్గురు నలుగురు ఒకే మాట అడిగారు: "మేడమ్, మా వాడిని కోడింగ్ క్లాసులో చేర్పించమంటారా?" ఇంగ్లిష్ టీచర్‌ని ఎందుకు అడుగుతున్నారో తర్వాత అర్థమైంది. బీఎడ్‌లో చేరకముందు నేను రెండేళ్లు టెక్ సపోర్ట్‌లో పనిచేశానని పిల్లలు ఇంట్లో చెప్పేశారు!

అక్కడ మాకు ఎక్కువగా వచ్చే కాల్ ఒకటే: "ప్రింటర్ పనిచేయడం లేదు." ఒక ఫైలు ఇరుక్కుందంటే దాని వెనకున్నవన్నీ ఆగిపోతాయి. కస్టమర్ అనుమతితో రిమోట్‌లో వాళ్ల కంప్యూటర్ తెరిచి, ప్రింట్ స్పూలర్ అనే సర్వీసు ఆపి, దాని ఫోల్డర్‌లో పేరుకున్న ఫైళ్లు తీసేసి, సర్వీసు మళ్లీ మొదలుపెట్టాలి. ఇదే పని రాత్రికి ఎన్నిసార్లో. పక్క సీటు అన్నయ్య ఒకరోజు నోట్‌ప్యాడ్‌లో ఆ మూడు ఆదేశాలూ వరుసగా రాసి బ్యాచ్ ఫైలుగా సేవ్ చేశాడు. అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేస్తే క్షణాల్లో అయిపోయింది. 2003లో వచ్చిన ఆటోహాట్‌కీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఆయనే చూపించాడు. అందులో మనం ముందే రాసిపెట్టుకుంటే, రెండు మూడు అక్షరాలు కొట్టగానే నాలుగు లైన్ల జవాబు టైపైపోతుంది. టైమ్ మిగిలిందని సంబరపడేలోపే మా కాల్స్ టార్గెట్ పెంచేశారు. అది వేరే కథ లెండి.

మాక్రోకి కళ్లు లేవు. మౌస్ క్లిక్కులు రికార్డు చేసి పెడితే, అవతలి తెర సైజు మారగానే ఆ క్లిక్ ఇంకెక్కడో పడుతుంది. స్పూలర్ ఫోల్డర్ ఖాళీ చేస్తే ఇరుక్కున్న ఫైలుతో పాటు వరుసలో ఉన్నవన్నీ పోతాయి. అందుకే "ప్రింట్ కావాల్సినవి మళ్లీ ఇచ్చుకోగలరా అండీ?" అని ముందు అడగాలి. ఆ ప్రశ్న అడగాల్సింది మనిషే.

ఇక్కడే ఒక జాగ్రత్త. విండోస్‌లోని క్విక్ అసిస్ట్‌లో సాయం చేసేవాళ్లు ఒక కోడ్ ఇస్తారు, సాయం కావాల్సినవాళ్లు దాన్ని ఎక్కిస్తారు. మీరు అడగకుండానే ఎవరైనా ఫోన్ చేసి కోడ్ ఎక్కించమన్నా, యాప్ వేసుకోమన్నా పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ఈ నంబర్ రాసి ఇవ్వండి.

కోడింగ్ క్లాసు సంగతికొస్తే, ఏడో తరగతి లోపు పిల్లలకు తొందరేం లేదని నా అభిప్రాయం. మాక్రో రాయాలంటే ముందు పనిని మెట్లుమెట్లుగా విడగొట్టి చెప్పడం రావాలి. ఇంగ్లిష్‌లో మేం 'ఇన్‌స్ట్రక్షన్స్' పాఠం చెప్పేది దానికే. మొన్న ఆరో తరగతిలో "ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేయడం ఎలా?" రాయమన్నాను. ఒక పాప మొదటి లైన్‌లోనే "సెట్టింగ్స్‌లోకి వెళ్లండి" అని రాసింది. పక్కనున్న అబ్బాయి, "మా తాతయ్యకు సెట్టింగ్స్ ఎక్కడుంటుందో తెలీదుగా!" అన్నాడు. ఆ పాప కొట్టేసి మళ్లీ రాసింది, ఈసారి పదకొండు మెట్లు.

ఆ కాగితాలు ఈ శనివారం ఇంటికి పంపుతున్నాం. ఊళ్లో ఉన్న తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్‌లో పిల్లలచేతే, తెలుగులో, ఒక్కో మెట్టూ చెప్పించండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో ఆ లైన్ కింద గీత గీసి సోమవారం పంపండి.