లేచి నడిచింది కదా!

మా కాలేజీ గేటు బయట టీ కొట్టు దగ్గర ఒక కుక్క ఉండేది. ఎక్కడ పడితే అక్కడ ప్రత్యక్షమవుతుందని సీనియర్లు దానికి ‘బగ్’ అని పేరు పెట్టారు. పోయిన సెమిస్టర్ ల్యాబ్ ఎగ్జామ్ రోజు పొద్దున, మా కళ్ల ముందే ఒక కారు దాన్ని గుద్దేసి, ఆగకుండా వెళ్లిపోయింది.

మేం నలుగురం పరిగెత్తేలోపే బగ్ లేచింది. కుంటుకుంటూ వెళ్లి జిరాక్స్ షాపు మెట్ల కింద దూరింది. “ఏం కాలేదు రా, లేచి నడిచింది కదా” అన్నారెవరో. ఎవరో ఏంటి, నేనే. దాని ముందు నాలుగు బిస్కెట్లు పెట్టి ఎగ్జామ్‌కి వెళ్లిపోయాం.

సాయంత్రం వచ్చి చూస్తే బిస్కెట్లు అలాగే ఉన్నాయి. బగ్ కూడా అక్కడే ఉంది. ఊపిరి లేదు.

ఆ రాత్రి రూమ్మేట్ వాళ్ల బాబాయికి ఫోన్ చేశాం. ఆయన పశువుల డాక్టర్. తిట్టలేదు. “చిగుళ్లు చూశారా?” అని మాత్రం అడిగారు. దెబ్బ తగిలిన కుక్క భయంతోనే లేచి పరిగెడుతుందట. పైకి గాయం లేకపోయినా లోపల రక్తం పోతూ ఉండొచ్చు. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయంటే అసలు ఆలస్యం చేయకూడదు. బాగానే కనిపించినా సరే, డాక్టర్‌కి చూపించాల్సిందే.

ఆయన చెప్పినవి రాసుకున్నాను. ముందు ఒకరు రోడ్డు మీద బండ్లని ఆపాలి. నొప్పిలో ఉన్న కుక్క అన్నం పెట్టిన చేతినైనా కరుస్తుంది, కాబట్టి చున్నీతో మూతి కట్టాలి. వాంతి చేసుకుంటున్నా, ఊపిరి ఆడకపోయినా మాత్రం కట్టకూడదు. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. కాళ్లు పట్టి ఎత్తకుండా, వెన్ను కదలకుండా గట్టి అట్ట మీదకి మెల్లగా జరపాలి. తిండి, నీళ్లు పెట్టకూడదు. ఆపరేషన్ చేయాల్సివస్తే మత్తు ఇచ్చేటప్పుడు ప్రమాదం. అంటే మన బిస్కెట్లు కూడా తప్పే. ఒకవేళ కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడుక్కుని, వెంటనే ఆస్పత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి. పశువైద్య సేవలకి 1962 నంబరు ఉంది. కానీ బండి కోసం చూస్తూ కూర్చోకుండా, ఆటో దొరికితే దగ్గర్లోని పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లిపోవడమే మంచిది.

“పొద్దున్నే తీసుకెళ్లుంటే బతికేదా అంకుల్?” అని అడిగాను.

“చెప్పలేం నాన్నా. ఒక ఛాన్స్ అయితే ఉండేది.”

ల్యాబ్‌లో నాకు మంచి మార్కులే వచ్చాయి.

ఇప్పుడు టీ కొట్టు దగ్గరికి ఇంకో కుక్క వస్తోంది. దానికింకా పేరు పెట్టలేదు. కొట్టు అన్నని అడిగి, బెంచీ వెనకాల ఒక పెద్ద అట్ట మాత్రం పెట్టించాం.