ఊపిరాడని యంత్రం

చీపురుకి బ్యాటరీ ఉండదు, చార్జింగ్ అక్కర్లేదు, మధ్యలో ఆగిపోదు. అందుకే మా అమ్మకి వైరు లేని వాక్యూమ్ క్లీనర్ మీద మొదట్నుంచీ నమ్మకం లేదు. కానీ చీపురు లేపే దుమ్ము ఆవిడకి పడదు. ఆస్తమా. పైగా ఎదురుగా అపార్ట్‌మెంటు కడుతుండటంతో సిమెంటు దుమ్మంతా మా కిటికీల్లోంచే లోపలికొచ్చేది. ఇన్‌హేలర్ వాడకం పెరిగింది. దాంతో ఈ మిషన్ కొన్నాం.

ఆర్నెల్లు బాగానే పనిచేసింది. తర్వాత మూడు నిమిషాలకే వేడెక్కి ఆగిపోవడం మొదలుపెట్టింది. కాసేపు వదిలేస్తే నడిచేది, మళ్లీ ఆగేది. సర్వీసు కుర్రాడొచ్చి చేత్తో తాకి చూసి, ‘మోటారు పోయింది సార్, మార్చాలి’ అన్నాడు. అతను చెప్పిన డబ్బుకి ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుంది.

అమ్మ పక్కనే కూర్చుని ఆ చప్పుడు విన్నది. ‘పోలేదురా, దానికి ఊపిరాడట్లేదు. ఆ కూత విను. ఆయాసం వచ్చే ముందు నా గుండెల్లోనూ అలాగే ఉంటుంది’ అంది.

ఆ మాటలో బోలెడు సైన్సుంది. ఈ మిషన్లలో చాలావాటికి మోటారును చల్లబరిచేది అది పీల్చుకునే గాలే. ఫిల్టర్ పూడుకుపోతే గాలి తగ్గుతుంది, మోటారు వేడెక్కుతుంది. వేడి హద్దు దాటగానే లోపలి రక్షణ ఏర్పాటు కరెంటు ఆపేస్తుంది. అంటే ఆగిపోవడం జబ్బు కాదు, కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడం!

ముందు గొట్టం, బ్రష్షు తీసేసి నడిపాను. అప్పుడూ ఆగిందంటే అడ్డు వాటిలో లేదన్నమాట. ఫిల్టర్ బయటికి తీస్తే బూడిద రంగు అట్టలా ఉంది. సిమెంటు లాంటి మెత్తటి దుమ్ము దాని రంధ్రాల్ని ఇట్టే మూసేస్తుంది. అమ్మని లోపలి గదిలో కూర్చోబెట్టి, బయట పంపు కింద ఉత్త నీళ్లతో కడిగాను. ఒక పగలూ ఒక రాత్రీ నీడలో ఆరనిచ్చాను. తడి ఫిల్టర్ పెడితే మోటారుకే ముప్పు. బ్రష్షుకి చుట్టుకున్న వెంట్రుకలూ కత్తిరించాను. అవి కూడా మోటారు మీద భారం పెంచుతాయి.

తర్వాత మిషన్ మూడు గదులు ఆగకుండా ఊడ్చింది. రూపాయి ఖర్చు లేదు.

మీ మిషన్ ఇలా ఆగుతుంటే ముందు దాని గాలిదారి చూడండి. ఫిల్టర్ కడగొచ్చో లేదో పుస్తకంలో ఉంటుంది. అన్నీ శుభ్రంగా ఉన్నా ఆగితేనే మెకానిక్ పని. బ్యాటరీ ఉబ్బితే మాత్రం చార్జింగ్ పెట్టొద్దు, విప్పొద్దు.

అమ్మకి ఇప్పుడు ఆ మిషన్‌తో చుట్టరికం కుదిరింది. మెట్లెక్కుతూ ఆయాసం వస్తే ఎవరేమనుకుంటారోనని ఇదివరకు బలవంతంగా ఎక్కేసేది. ఇప్పుడు సగంలోనే కూర్చుండిపోతోంది. ‘నువ్వు పదరా, నేను కాస్త చల్లారి వస్తాను’ అంటోంది.