అద్దం లేని గది

పోయిన ఏడాది విజయవాడలో సొంత ఫ్లాట్‌లోకి మారాం. ఇరవై ఏళ్ళు అద్దె ఇళ్ళలో గడిపినదాన్ని కదా, ఈ ఇంట్లో ప్రతి మేకూ నా ఇష్టప్రకారమే కొట్టించాలని పట్టుబట్టాను. అద్దాల విషయంలో మరీను. అద్దె ఇళ్ళలో అద్దాలంటే ఏమున్నాయి, బేసిన్ మీద ఒకటి, బీరువా తలుపుకి ఒకటి. అవీ మనకి ముందు దిగినవాళ్ళ బొట్టుబిళ్ళల జిగురుతో సహా దొరుకుతాయి.

ఇంటీరియర్ చేసిన కుర్రాడు మా పడకగదికి ఆరడుగుల అద్దం రాశాడు. ఇంటర్ చదివే మా అమ్మాయి వద్దంది. "మనిషి నిలువునా కనబడాలంటే ఎత్తులో సగం అద్దం చాలమ్మా. దగ్గర నిలబడ్డా దూరం నిలబడ్డా అంతే" అని వాదించింది. బి.ఏ. తెలుగు చదివిన నాకు నమ్మకం కుదరలేదు. అది టేపు తెచ్చి గోడ మీద గీతలు గీసి చూపించింది. పై అంచు, ఇంట్లో అందరికన్నా పొడుగు మనిషి కళ్ళకీ నడినెత్తికీ మధ్యన ఉండాలట. కింది అంచు, అందరికన్నా పొట్టి మనిషి కళ్ళకీ నేలకీ సరిగ్గా సగంలో ఉండాలట. మా వారు 5 అడుగుల 10 అంగుళాలు, అది 5 అడుగుల 2 అంగుళాలు. మూడున్నర అడుగుల అద్దం సరిపోయింది. డబ్బూ మిగిలింది.

హాల్లో అద్దం ముందు ఒక గోడకి పెట్టిస్తే గుమ్మం దగ్గరి చెప్పుల స్టాండు రెండై కూర్చుంది. కిటికీకి ఎదురుగా మార్పించాక పగలు లైటు వెయ్యక్కర్లేకుండా పోయింది. అద్దం ఎక్కడ బాగుంటుందో చూసేముందు అందులో ఏం కనబడుతుందో చూడాలని అప్పుడు అర్థమైంది. బాత్రూంలో నెత్తిమీద లైటు ఒక్కటే ఉంటే కళ్ళ కింద నీడలు పడి పదేళ్ళు పెద్దదాన్నయ్యాను. రెండు పక్కలా ముఖం ఎత్తున లైట్లు పెట్టించాను. తేమకి వెనక పూత అంచుల నుంచి నల్లబడుతుందని, గోడకీ అద్దానికీ మధ్య గాలాడే సందు వదిలించాను. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటుంటే పొంగిపోయాను.

నాలుగు నెలలయ్యాక ఒక సాయంత్రం కాఫీ ఇద్దామని అత్తగారి గదిలోకి వెళ్ళాను. ఆవిడ మంచం అంచున కూర్చుని, ఆపేసిన టీవీకేసి చూస్తూ తల దువ్వుకుంటున్నారు. నల్లటి తెరలో మసగ్గా కనబడే తన నీడని చూసుకుంటూ వేలితో పాపిట వెతుక్కుంటున్నారు.

ఆ గదికి అన్నీ పెట్టించాం. టీవీ, మందుల అర, పక్కనే బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ. అద్దం మాత్రం లేదు. బేసిన్ మీదున్నది మా ఎత్తుకి బిగించింది, అందులో ఆవిడకి కళ్ళ నుంచి పైకే కనబడుతుంది. ఇంట్లో అందరికన్నా పొట్టి మా అమ్మాయి అనుకుని టేపు పట్టాం. అత్తగారి ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. ఆ రోజు ఆవిడ మా లెక్కలోకే రాలేదు.

"హాల్లో ఉందిగా అత్తయ్యా, పెద్దది" అన్నాను.

"వచ్చేపోయేవాళ్ళుంటారమ్మా. అయినా నేనేం సింగారించుకోవాలి గనక!" అన్నారు నవ్వుతూ.

మామయ్యగారు పోయి ఆరేళ్ళయింది. ఆ మాట ఆవిడ నోటితో అన్నారు గానీ, ప్లాను గీయించిన రోజు నేను మనసులో అనుకున్నదీ అదేనేమో. అనుకున్నట్టు నాకు తెలియను కూడా తెలియలేదు.

ఊళ్ళో ఇల్లు అమ్మేసినప్పుడు తెచ్చిన టేకు చట్రం అద్దం ఒకటి, కొత్త ఇంటికి నప్పదని నేనే అటక ఎక్కించాను. పెళ్ళయిన కొత్తలో ఆవిడ నన్ను పీట మీద కూర్చోబెట్టి జడ వేసింది ఆ అద్దం ముందే. దాన్ని దింపించాను. అద్దం నిండా నల్లమచ్చలు. గాజు కొట్టుకి తీసుకెళ్ళి అదే చట్రంలో 5 మిల్లీమీటర్ల కొత్త అద్దం వేయించి, చట్రానికి పాలిష్ పెట్టించాను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, నిలబడి దువ్వుకోలేరు. అందుకని కుర్చీలో కూర్చోబెట్టి మా అమ్మాయి టేపు పట్టింది. కళ్ళు నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తున ఉన్నాయి. అద్దం నడుము అక్కడికి వచ్చేలా, కిటికీ వెలుగు వీపు మీద కాకుండా ముఖం మీద పడేలా బిగించాం.

ఇప్పుడు కొత్తిల్లు అనే స్నేహితురాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. గదులు తర్వాత లెక్కపెట్టండి, ముందు ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టండి.

బిగించడం అయ్యాక అత్తగారు కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఏడుస్తారేమోనని నాకు భయం వేసింది.

"పాపిట ఇంత వంకరగా ఉందేమిటే! మొన్న పెళ్ళికి ఇలాగే వచ్చానా?" అన్నారు.

అవునని చెప్పడానికి నోరు రాక, నేను దువ్వుతానని దువ్వెన అందుకోబోయాను. ఆవిడ ఇవ్వలేదు.

"ఉండు, నాకు కనబడుతోందిగా" అన్నారు.